పొలం మీదుగా కొత్త హైవే: గెజిట్ నుంచి టోల్ దాకా మీ ప్రశ్నలు, మా సమాధానాలు

బెంగళూరు–కడప–విజయవాడ, ఖమ్మం–దేవరపల్లి, రాయ్‌పూర్–విశాఖపట్నం. ఈ మధ్య మన ప్రాంతంలో పాత రోడ్డుతో సంబంధం లేకుండా పొలాల మీదుగా కొత్తగా వేస్తున్న జాతీయ రహదారి కారిడార్లు ఇవి. వీటి మీద పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ మందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

మా ఊరి దగ్గర హైవే రాళ్లు మూడుసార్లు పాతారు, మూడుసార్లు పీకారు. అసలు ఈ గీత ఎవరు గీస్తారు? పలుకుబడి ఉన్నవాళ్ల పొలాలు తప్పించడానికే మారుస్తున్నారా? (ఒక రైతు, ప్రకాశం జిల్లా)

గీత గీసేది డీపీఆర్ కన్సల్టెంటు, అంటే సమగ్ర ప్రాజెక్టు నివేదిక తయారుచేసే సంస్థ. ఆమోదించేది ఎన్‌హెచ్‌ఏఐ (జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ), రహదారుల మంత్రిత్వ శాఖ. మొదట చూసేది పటం కాదు, వాహనాలు. ఇప్పుడున్న రోడ్ల మీద వారం రోజులు, రోజుకి 24 గంటలూ బండ్లు లెక్కపెడతారు. కారుని ఒకటిగా, రెండు, మూడు ఇరుసుల లారీని మూడుగా, అంతకన్నా ఎక్కువ ఇరుసులున్న లారీని నాలుగున్నరగా కడతారు. కొన్నిచోట్ల డ్రైవర్లను ఆపి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏం సరుకు అని అడుగుతారు. కొత్త రోడ్డుకి ఎంతమంది మళ్లుతారన్న అంచనా దీంట్లోంచే వస్తుంది. ఈ అంచనా తప్పితే ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

గీత విషయానికొస్తే, ముందు ఖాయమయ్యేవి నది దాటే చోటు, రైలు పట్టాలు దాటే చోటు. నది తిన్నగా పారుతూ, ఒడ్డు గట్టిగా ఉన్నచోటే వంతెన కడతారు. పట్టాలను వీలైనంత లంబంగా దాటాలి. ఆ తర్వాత చెరువులు, అడవి, హైటెన్షన్ టవర్లు, గ్యాస్ పైపులైన్లు, శ్మశానాలు, గుళ్లు తప్పించుకుంటూ మిగతా గీత కలుపుతారు. 2021 అక్టోబరులో మొదలైన పీఎం గతిశక్తి పటాల మీద ఇవన్నీ పొరలుగా కనిపిస్తాయి కాబట్టి చాలా తప్పులు ఆఫీసులోనే దొరకాలి. అయినా నేల మీదకి దిగాక, పటంలో లేని బావో, కొత్తగా వేసిన లైనో బయటపడుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక సాంకేతిక కట్టుబాటు ఉంది. గంటకి 120 కి.మీ. వేగానికి వేసే రోడ్డులో వంపు వ్యాసార్ధం 670 మీటర్లకు తగ్గకూడదు. కాబట్టి ఒక ఇంటిని తప్పించడానికి రాయిని 50 మీటర్లు పక్కకి జరిపితే, దానికి అటూ ఇటూ కిలోమీటరుకు పైగా గీత మొత్తం జరుగుతుంది. మీ రాయి మారిందంటే కారణం మీ ఊళ్లోనే ఉండనక్కర్లేదు, రెండూళ్ల అవతలి రైల్వే లైను కావచ్చు. పలుకుబడితో మారిందన్న అనుమానం గట్టిగా ఉంటే, పరిశీలించిన ప్రత్యామ్నాయ మార్గాల పోలికపట్టికని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఒక్కో మార్గానికి పొడవు, భూమి, కూల్చాల్సిన ఇళ్లు, వంతెనలు, ఖర్చు అందులో పక్కపక్కన ఉంటాయి. ఎంచుకున్న మార్గం ఏ లెక్కలో మెరుగో చూస్తే విషయం తెలిసిపోతుంది.

పేపర్లో 3ఎ ప్రకటన వచ్చింది. మా సర్వే నంబరు ఉంది, కానీ విస్తీర్ణం తప్పు. మా నాన్నగారు పోయి ఆరేళ్లయినా పట్టా ఆయన పేరునే ఉంది. ఇప్పుడేం చెయ్యాలి? (పల్నాడు జిల్లా)

ఈ వారంలోనే మొదలుపెట్టండి. జాతీయ రహదారుల చట్టం 1956లో అంకెలు, అక్షరాలతో ఉన్న సెక్షన్లు ఒక మెట్ల వరస. 3ఎ అంటే భూమి తీసుకోవాలనుకుంటున్నామన్న ప్రకటన. గెజిట్‌లో వస్తుంది, సారాంశం రెండు స్థానిక పత్రికల్లో వస్తుంది, వాటిలో ఒకటి తెలుగుది అయి తీరాలి. ఆ ప్రకటన వెలువడిన నాటి నుంచి 21 రోజుల్లోపు 3సి కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఇవ్వాల్సింది సమర్థ అధికారికి. ఆయన ఆర్డీవో కావచ్చు, జాయింట్ కలెక్టర్ కావచ్చు. పేరు, హోదా ప్రకటనలోనే ఉంటుంది. కాగితం ఇచ్చి ముద్ర వేసిన రసీదు తీసుకోండి. తహసీల్దారు ఆఫీసులో ఇచ్చాం కదా అనుకుంటే కుదరదు.

ఈ దశలో ధర గురించి రాయడం వృథా. 3సి అభ్యంతరం భూమిని వాడుకోవడం మీద మాత్రమే. కానీ విస్తీర్ణం తప్పు, సబ్‌డివిజన్ తప్పు, మెట్టని మాగాణి అనో మాగాణిని మెట్ట అనో రాయడం, ఇల్లు లేదా బోరు చూపించకపోవడం లాంటివన్నీ ఇప్పుడే రాసిపెట్టండి. తర్వాత జాయింట్ సర్వే జరుగుతుంది. రెవెన్యూ సర్వేయరు, హైవే మనిషి, కన్సల్టెంటు కలిసి వస్తారు. ఆ రోజు పొలంలో మీరుండాలి. ఎన్ని చెట్లు, ఏ వయసువి, బోరు లోతెంత, పైపులైను పొడవెంత, షెడ్డు కొలతలెంత అన్నది అప్పుడు రాసిన కాగితం మీదే ఉంటుంది. ఫోన్లో తేదీ పడేలా ఫొటోలు తీసుకుని, నమోదు చేసిన పత్రం నకలు అడగండి. బోర్లు, డ్రిప్ పైపులు రాయకుండా వదిలేసిన కేసులు చాలా. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, వచ్చాక వాటిని రుజువు చెయ్యడం కష్టం, అప్పటికి పొలం చదునైపోయి ఉంటుంది.

పట్టా సంగతి: మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పిడి) ఇప్పుడే పెట్టండి. వారసుల మధ్య తేడాలుంటే కనీసం రాతపూర్వక ఒప్పందమైనా చేసుకోండి. వాటాల మీద తగువుంటే అధికారి తేల్చలేరు, 3హెచ్ కింద ఆ వివాదం సివిల్ కోర్టుకి వెళ్తుంది. డబ్బు అక్కడ ఇరుక్కుంటే ఏళ్లు పడుతుంది, భూమి మాత్రం ఆగదు.

3ఎ వచ్చిన ఏడాదిలోగా 3డి ప్రకటన రావాలి. కోర్టు స్టే ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేస్తారు. రాకపోతే 3ఎ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి. 3డి వచ్చిన రోజునే భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. సాగు మీరే చేస్తున్నా యాజమాన్యం మారినట్టే. కాబట్టి 3ఎ తేదీ, 3డి తేదీ రెండూ రాసిపెట్టుకోండి.

ఎకరానికి ఎంతిస్తారు? నాలుగు రెట్లు అని విన్నాం, మాకు రెండున్నర రెట్లే లెక్క వేశారు. (ఖమ్మం జిల్లా)

2013 భూసేకరణ చట్టంలోని పరిహారం నిబంధనలు 2015 జనవరి 1 నుంచి జాతీయ రహదారులకీ వర్తిస్తున్నాయి. లెక్క ఇలా ఉంటుంది. ముందు మార్కెట్ విలువ. ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువ ఒకటి. అంతకుముందు మూడేళ్లలో చుట్టుపక్కల ఆ రకం భూమికి జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు ఇంకొకటి. ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. దాన్ని గ్రామీణ ప్రాంతంలో రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. ఆ గుణకం 1 నుంచి 2 మధ్య ఎంతైనా కావచ్చు. తర్వాత చెట్లు, కట్టడాల విలువ కలిపి, మొత్తానికి నూటికి నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము) చేరుస్తారు. దీనికి తోడు 3ఎ నుంచి అవార్డు దాకా మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం.

ఉదాహరణకి ఎకరం మార్కెట్ విలువ 20 లక్షలు, గుణకం 1.25 అనుకుందాం. 25 లక్షలు అవుతుంది, సొలేషియంతో 50 లక్షలు. అవార్డుకి ఏడాది పడితే ఇంకో 2.4 లక్షలు. మొత్తం 52.4 లక్షలు. నాలుగు రెట్లు రావాలంటే గుణకం 2 ఉండాలి. మీకు తక్కువ వచ్చిందంటే కారణం ఎక్కువగా గుణకమే.

అసలు దెబ్బ తగిలేది మొదటి అంకె దగ్గర. రిజిస్ట్రేషన్‌లో విలువ తక్కువ చూపించి మిగతాది చేతికి ఇచ్చుకునే అలవాటు ఊరంతా ఉంటే, ఆ తక్కువ ధరలే సగటులోకి వస్తాయి. ఎకరం 60 లక్షలకి అమ్ముడుపోయే ఊళ్లో దస్తావేజులన్నీ 15 లక్షలు చూపిస్తుంటే, అధికారి చేతిలో ఉన్న సాక్ష్యం అదే. చుట్టుపక్కల గ్రామాల్లో సరైన ధరకి జరిగిన దస్తావేజులు వెతికి, నకళ్లు తీసి, పరిహారం తేల్చే సెక్షన్ 3జి కింద క్లెయిములు పిలిచినప్పుడు జతచెయ్యండి. 3ఎ వచ్చాక హడావుడిగా ఎక్కువ ధరకి చేయించుకున్న దస్తావేజులు పనికిరావు, విలువ కట్టేది 3ఎ తేదీనాటికే.

చాలామంది అడగకుండా వదిలేసేది మిగులు భూమి నష్టం. హైవే మధ్యలోంచి పోయి ఒకవైపు 12 సెంట్ల త్రికోణం మిగిలితే అది ట్రాక్టరు తిరగడానికి కూడా చాలదు. బోరు ఒకవైపు, పొలం ఇంకోవైపు అయిపోవచ్చు. భూమి చీలడం వల్ల కలిగే నష్టం, మిగతా ఆస్తికీ సంపాదనకీ కలిగే నష్టం, ఇల్లు మారాల్సిన ఖర్చు పరిగణించాలని 3జి(7) చెబుతోంది. క్లెయిములో దాన్ని విడి అంశంగా, అంకెతో సహా రాయండి.

అవార్డు నచ్చకపోతే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటరు (మధ్యవర్తి) దగ్గరికి వెళ్లాలి, ఎక్కువ చోట్ల కలెక్టరే ఆర్బిట్రేటరు. డబ్బు తీసుకుంటే హక్కు పోతుందన్న భయం వద్దు. అసంతృప్తి తెలుపుతూ రాసిచ్చి సొమ్ము తీసుకోండి, కేసు కేసుగా నడుస్తుంది. ఆర్బిట్రేటరు పెంచిన మొత్తానికి 9 శాతం వడ్డీ ఉంటుంది.

హైవే వేశాక అవతలి పొలానికి ఎలా వెళ్లాలి? కోత మిషను దాటాలి. (పశ్చిమ గోదావరి జిల్లా)

ఇది గుర్తొచ్చేటప్పటికే చాలా ఊళ్లలో ఆలస్యమైపోతోంది. ఈ కారిడార్లకి రెండువైపులా కంచె ఉంటుంది, ఇంటర్‌ఛేంజి దగ్గర తప్ప ఎక్కడా ఎక్కలేరు, దిగలేరు. దాటాలంటే అండర్‌పాస్‌లే దారి. వీటిలో మూడు రకాలు: పెద్దది 20 మీటర్ల వెడల్పు, 5.5 మీటర్ల ఎత్తు. మధ్యస్థం 12 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. చిన్నది 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు. కొన్ని కోత మిషన్లు దాదాపు 4 మీటర్ల ఎత్తుంటాయి. గడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు ట్రాలీ అంతకన్నా ఎత్తు. కాగితం మీద అండర్‌పాస్ ఉన్నట్టే ఉంటుంది, కోతలప్పుడు మాత్రం పది కిలోమీటర్లు చుట్టూ తిరగాలి.

అందుకే డీపీఆర్ దశలోనే ఊరి పుంత దారులు, డొంకలు, పంట కాలువలు, మురుగు కాలువలు అన్నీ ఒక పటం మీద గీసి, పంచాయతీ తీర్మానంతో ఇవ్వండి. ఏ దారిలో ఏ బండ్లు, ఏ నెలలో ఎన్ని తిరుగుతాయో రాయండి. అండర్‌పాస్ నేల చుట్టూ పొలంకన్నా కిందికి ఉంటే వానాకాలం అది చెరువే, కాబట్టి నీరు ఎటు పోతుందో అడగండి. కొత్త జాతీయ రహదారికి పర్యావరణ అనుమతి కావాలి, దానికి కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అక్కడ చెప్పింది మినిట్స్‌లోకి ఎక్కుతుంది. కాంట్రాక్టు అయ్యాక అండర్‌పాస్ కావాలంటే అది పని మార్పు కిందికి వస్తుంది. ఖర్చు ఎవరిదన్న తగువుతోనే రెండేళ్లు గడుస్తాయి.

ఇన్ని వేల కోట్లు ఎక్కడి నుంచి వస్తాయి? టోల్‌తో తీరిపోదా? హ్యామ్ అంటే ఏమిటి? (పోటీ పరీక్షలకు చదువుతున్న పాఠకురాలు, వరంగల్)

టోల్‌తో తీరుతుందో లేదో ఒక ఊహా లెక్క వేద్దాం. 100 కి.మీ. రోడ్డు, కిలోమీటరుకి 30 కోట్లు, మొత్తం 3,000 కోట్లు. రోజుకి 10,000 వాహనాలు, చిన్నాపెద్దా కలిపి సగటున కిలోమీటరుకి 4 రూపాయలు కడితే రోజుకి 40 లక్షలు, ఏడాదికి 146 కోట్లు. 3,000 కోట్ల మీద 9 శాతం వడ్డీయే 270 కోట్లు. వాహనాలు 20,000 అయితే టోల్ 292 కోట్లకి చేరుతుంది, అప్పుడు కూడా వడ్డీ పోగా మరమ్మతులకే చాలదు. కొత్త కారిడార్‌కి మొదటి కొన్నేళ్లు బండ్లు తక్కువే ఉంటాయి, పక్కన పాత రోడ్డు ఉంటుంది కాబట్టి. ప్రైవేటు సంస్థ పూర్తిగా తన డబ్బుతో కట్టి టోల్‌తో రాబట్టుకునే బీవోటీ పద్ధతి రద్దీ బాగా ఉన్న మార్గాలకే ఎందుకు సరిపోతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. బండ్లు రాకపోతే నష్టం కట్టినవారిది, తర్వాత వాళ్లకి అప్పిచ్చిన బ్యాంకులది. 2010 తర్వాత చాలా ప్రాజెక్టులు ఇలాగే నిలిచిపోయాయి.

దానికి విరుగుడుగా 2016 జనవరిలో హ్యామ్ వచ్చింది. హైబ్రిడ్ యాన్యుటీ మోడల్ అని పూర్తి పేరు. 1,000 కోట్ల పనిలో 400 కోట్లు కట్టేటప్పుడే ప్రభుత్వం ఇస్తుంది. మొదట్లో ఐదు వాయిదాలుండేవి, తర్వాత పది చేశారు. మిగతా 600 కోట్లు గుత్తేదారు సొంత పెట్టుబడి, బ్యాంకు అప్పు కలిపి తెస్తాడు. రోడ్డు పూర్తయ్యాక ఆ 600 కోట్లని 15 ఏళ్లలో, ఆరు నెలలకొకటి చొప్పున 30 వాయిదాల్లో, తగ్గుతున్న బాకీ మీద వడ్డీతో సహా ప్రభుత్వం చెల్లిస్తుంది. నిర్వహణ ఖర్చు వేరేగా ఇస్తుంది. టోల్ ప్రభుత్వానిది. బండ్లు వచ్చినా రాకపోయినా గుత్తేదారుకి రావాల్సింది వస్తుంది. అంటే రద్దీ తక్కువైతే ఆ భారం ఖజానాదే. మూడోది ఈపీసీ: మొత్తం డబ్బు ప్రభుత్వమే ఇచ్చి కట్టించుకుంటుంది. ఏ పద్ధతైనా తేల్చుకోవాల్సింది బండ్లు రాకపోతే ఎవరు మోస్తారన్నదే. పరీక్షలో రాసినా, అసెంబ్లీలో అడిగినా అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఇక ఖజానాలోకి ఎక్కడిదంటే, పెట్రోలు, డీజిల్ మీద సెస్సు కేంద్ర రహదారి, మౌలిక వసతుల నిధికి వెళ్తుంది. టోల్ ఆదాయం ఉంది. కట్టేసిన రోడ్ల టోల్ హక్కుని ఏళ్ల తరబడి ఒకేసారి అమ్మడం ఉంది: 2018లో మొదటి విడతగా ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది రోడ్లు 30 ఏళ్లకి 9,681 కోట్లకి వెళ్లాయి. 2021 నుంచి ఇన్విట్ అనే ట్రస్టు ద్వారా మదుపరుల డబ్బు కూడా తెస్తున్నారు. ఒకప్పుడు ఎన్‌హెచ్‌ఏఐ సొంతంగా బాండ్లతో భారీగా అప్పు తెచ్చేది. 2022–23 బడ్జెట్ నుంచి దాన్ని ఆపి, నేరుగా బడ్జెట్‌లోంచే ఇస్తున్నారు. 2024–25లో ఎన్‌హెచ్‌ఏఐకి కేటాయించింది దాదాపు 1.68 లక్షల కోట్లు. మా అభిప్రాయంలో ఇది మంచి మార్పు. అప్పు ఎక్కడో సంస్థ పద్దులో దాగకుండా పార్లమెంటు ముందే కనిపిస్తోంది.

అంచనాలు రెట్టింపు ఎందుకవుతున్నాయి? (గుంటూరు)

2017 అక్టోబరులో ఆమోదించిన కేంద్ర రహదారుల పథకం భారత్‌మాల తొలి దశలో 34,800 కి.మీ.కి 5.35 లక్షల కోట్లు అన్నారు, అంటే కిలోమీటరుకి 15.37 కోట్లు. 2023లో కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే సంస్థ) చూసేసరికి మంజూరైన పనులు కిలోమీటరుకి 32.17 కోట్లకి చేరాయి. భూమి ఖర్చు, మొదట అనుకోని పెద్ద నిర్మాణాలు, మారిన ప్రమాణాలు ఇందులో కలిసి ఉన్నాయి. ఒక్క భూమినే చూడండి: 70 మీటర్ల వెడల్పున కిలోమీటరుకి 7 హెక్టార్లు, అంటే 17 ఎకరాల పైచిలుకు. పైన చెప్పిన 52 లక్షల లెక్కన తొమ్మిది కోట్లు, ఇంకా తట్ట మట్టి వెయ్యకముందే.

మట్టి సంగతీ చిన్నది కాదు. పైన 30 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు, 1:2 వాలుతో కట్ట పోస్తే మీటరు పొడవుకి 108 ఘనపు మీటర్లు, కిలోమీటరుకి 1,08,000. రోలర్ కింద నలిగి తగ్గే పరిమాణం కూడా కలుపుకుంటే పది ఘనపు మీటర్ల టిప్పర్లు 13 వేలకు పైగా తిరగాలి. మట్టి 5 కి.మీ. దూరంలో దొరుకుతుందని డీపీఆర్‌లో రాసి, నిజానికి 20 కి.మీ. నుంచి తేవాల్సివస్తే అంచనా అక్కడే చిట్లుతుంది. టెండరులో గుత్తేదారు తక్కువకి కోట్ చేసి ఉంటే ఆ లోటు నాణ్యతలోంచి పూడుతుంది. కట్టని 20 సెంటీమీటర్ల పొరలుగా వేసి, ఒక్కో పొరని 95 శాతం, పైన రోడ్డు మోసే అర మీటరుని 97 శాతం సాంద్రతకి తొక్కించాలి. పొరలు మందంగా వేసి తొందరగా తొక్కేస్తే పైకి బాగానే ఉంటుంది. రెండు వానాకాలాలు పోయాక వంతెన దగ్గరికి రాగానే బండి ఎగిరిపడుతుంది: వంతెన దిగలేదు, దాని వెనకున్న కట్ట దిగింది.

కాంట్రాక్టు ఇచ్చి ఏడాదైంది. పని మొదలవలేదు. ఎందుకు? (అనకాపల్లి జిల్లా)

ఒప్పందం తేదీ వేరు, పని గడియారం మొదలయ్యే తేదీ వేరు. రెండోదాన్ని అపాయింటెడ్ డేట్ అంటారు. అది ప్రకటించాలంటే హ్యామ్‌లో కనీసం 80 శాతం భూమి, ఈపీసీలో 90 శాతం గుత్తేదారుకి అప్పగించాలి. హ్యామ్‌లో బ్యాంకు రుణం కూడా ఖాయమవ్వాలి. భూమి చాలినా అటవీ అనుమతి ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. మొదటి దశలో షరతులతో ఒప్పుకుంటారు, పరిహార వనీకరణ డబ్బు కట్టి షరతులు తీర్చాకే తుది అనుమతి. రైల్వే వంతెన నమూనాకి రైల్వే ఆమోదం, హైటెన్షన్ లైను మార్చడానికి కరెంటు ఆపే వీలు దొరకడం, ఇవి విడి. మీ దగ్గర ఏది ఆగిందో ఎన్‌హెచ్‌ఏఐ ప్రాజెక్టు డైరెక్టర్ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. గ్రామాలవారీగా 3డి, 3జి, స్వాధీనం పట్టిక వాళ్ల దగ్గర ఉంటుంది.

కొత్త హైవే ఆనుకుని స్థలం కొనమంటున్నారు. ధర పెరుగుతుందా? (హైదరాబాద్)

కంచె పక్క స్థలానికి హైవే మీదకి దారి ఉండదు. పెట్రోలు బంకు, హోటల్ పెట్టాలన్నా ఎన్‌హెచ్‌ఏఐ కేటాయించిన చోట్లే. విలువ పెరిగితే పెరిగేది ఇంటర్‌ఛేంజికి కలిసే రోడ్డు మీద. బ్రోకరు చూపించే పటంలో ఇంటర్‌ఛేంజి గీసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఆమోదించిన ప్లానులో దాని కిలోమీటరు సంఖ్య చూడండి. ఆ సర్వే నంబరు 3ఎలో ఉందేమో గెజిట్‌లో వెతకండి. 3డి అయిపోయిన భూమిని అమ్మజూపేవాళ్లూ ఉన్నారు, దానికి కట్టిన డబ్బు తిరిగి రాదు.